చెవుల చెక్క

వికారాబాద్‌లోని ఆ చిన్న కార్యాలయంలో కుర్చీలున్నాయి, గోడ మీద ఫొటోలున్నాయి, తిరిగే పంకా ఉంది. నర్సప్ప వాటిలో దేన్నీ చూడలేదు. గుమ్మం దాటగానే ఎడమచేతి వైపు, భుజమెత్తున, గోడకు బిగించిన మూరెడు చెక్క దగ్గర అతని చూపు ఆగిపోయింది. చెక్కకు వరుసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో తాళంచెవి. బీరువాది ఒకటి, మోటారు బండిది ఒకటి, వెనక గదిది మరొకటి. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. చెవులు మాత్రం అందరి కళ్ల ముందే వేలాడుతున్నాయి. కాపలా మనిషి లేడు.

అతని బిడ్డ నిరోషా లోపల మహేశ్వరి మేడంతో కుట్టుమిషన్ల సంగతి మాట్లాడుతోంది. ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే సంస్థ అది. మాట ముగిసి ఇద్దరూ బయటికి వచ్చేదాకా నర్సప్ప ఆ చెక్క ముందు నుంచి కదలలేదు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"మేడం, గిట్ల వాకిట్ల పెడితె ఎవరన్న తీస్కపోరా?"

"తీసుకోవాలనే కదండీ అక్కడ పెట్టింది," అన్నది మహేశ్వరి. "పని కాగానే మళ్లీ అక్కడే తగిలిస్తారు."

ఆమె ఆ మాటను మామూలుగా అన్నది. నర్సప్పకు అది మామూలుగా వినబడలేదు. ధారూర్‌లో ఆగే ప్యాసింజర్ రైలులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. తీసుకోవడానికే పెట్టిన తాళంచెవిని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అతను పుట్టిన గుడిసెకు తలుపు లేదు, తడక ఉండేది. తడకను తాడుతో కట్టేవాళ్లు. అది కుక్కలు రాకుండా, మనుషులు రాకుండా కాదు. ఊరి పటేలు రాజేందర్ వాళ్ల ఇంట్లో తన తండ్రి జీతగాడుగా ఉన్న రోజుల్లో నర్సప్ప మొట్టమొదట చూసిన తాళంచెవులు రాజేందర్ తల్లి ఇంద్రమ్మ నడుముకు ఉండేవి. ఆమె నడుస్తుంటే ఆ గుత్తి చప్పుడయ్యేది. కూలి గింజల కోసం గాదె బయట ఎండలో నిలబడ్డ ఆడవాళ్లు ఆ చప్పుడు వినగానే కొంగులు పట్టి సిద్ధమయ్యేవాళ్లు. చప్పుడు దూరమైతే ఆ రోజుకు గాదె తెరవలేదని అర్థం. నర్సప్ప తల్లి ఆ గుత్తిని ఎన్నడూ తాకలేదు. దాని బరువెంతో తెలుసుకోవాలని చిన్నప్పుడు అతనికి మహా కోరికగా ఉండేది. అడిగే ధైర్యం ఆ వయసులో లేదు. అడిగే వీలు ఏ వయసులోనూ లేదు.

పెద్దయ్యాక తాండూరు చేరాడు. నాపరాళ్లకు మెరుగుపెట్టే యార్డులో, రాళ్లు విరగకుండా వాటి చుట్టూ చెక్కపెట్టెలు కట్టే పని. తెల్ల చెక్క పట్టీలను కొలతకు కోసి, రాళ్లను నిలబెట్టి, మధ్యలో గడ్డి కూరి, నాలుగు వైపులా మేకులు దిగ్గొట్టేవాడు. పెట్టె లారీ ఎక్కేది. ఏ ఓడరేవుకు పోయేదో, ఏ దేశంలో దిగేదో, అక్కడ దాన్ని ఎవరు ఏ పనిముట్టుతో విప్పేవాళ్లో అతనికి తెలియదు. ఓసారి మేనేజరును అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మూయడమే నర్సప్ప పని. తెరవడం ఎప్పుడూ ఇంకొకరిది. జుట్టు నెరిసి, రాతిపొడికి ఊపిరి పట్టేసి, పని మాని ఊరు చేరేదాకా అది అట్లాగే సాగింది.

ధారూర్ స్టేషను నుంచి నడిచిపోయేంత దూరంలో ఉంది ఆ ఊరు. ఊరి చివర వాడ. వాడ మొదట్లో ఒక సామాజిక భవనం. దాన్ని అందరూ హాలు అంటారు. హాలు కట్టిన స్థలం వాడది. కట్టింది వాడ పేరు మీద మంజూరైన ప్రభుత్వ నిధులతో. ఎవరి కోసం కట్టారో గోడలోని రాతిఫలకం మీద స్పష్టంగా చెక్కి ఉంది. ఈ మూడు వాస్తవాల్లో ఏ ఒక్కదానితోనూ రాజేందర్‌కు సంబంధం లేదు. కాని హాలు తాళంచెవి అతని దగ్గర ఉంది. కట్టడం పూర్తయిన నాడు అతను సర్పంచ్‌గా ఉన్నాడు గనుక కాంట్రాక్టరు చెవిని అతని చేతిలో పెట్టాడు. తర్వాత పదవి పోయింది. చెవి పోలేదు. మొదట్లో ఎవరింట్లోనైనా పెళ్లి ఉంటే పోయి అడిగితే ఇచ్చేవాడు. తర్వాత, జర రెండు బస్తాలు ఉంచుకుంటానన్నాడు. ఆ రెండు బస్తాలు ఏటేటా పెరిగి, ఇప్పుడు కంది కోతలు కాగానే అతని పంటంతా హాలులోనే చేరి, తాండూరు మార్కెట్లో ధర పెరిగేదాకా అక్కడే ఉంటోంది. ఆ మధ్య నర్సప్ప భార్య భాగమ్మ వాళ్ల అక్క మనవరాలి పెళ్లినాడు వాన దంచికొట్టింది. లోపల కందులున్నాయని రాజేందర్ హాలు తెరవలేదు. పెళ్లికి వచ్చిన చుట్టాలు హాలు గోడకు ఆనుకుని, విస్తళ్లను పొట్టకు అదుముకుని, నిలబడి తిన్నారు. కందులు తడవలేదు.

ఇప్పుడు నిరోషాకు కావలసింది ఆ హాలే. వికారాబాద్‌లో బట్టల దుకాణంలో ఏళ్ల తరబడి కుట్టి, పని చేతికి వచ్చాక సొంతూరు వచ్చింది. వాడ ఆడవాళ్లకు కుట్టడం నేర్పుతానంటే మహేశ్వరి వాళ్ల సంస్థ మిషన్లు ఇస్తానన్నది. షరతు ఒక్కటే: తలుపూ వెలుతురూ ఉన్న గది ఒకటి ఆడవాళ్ల చేతిలో ఉండాలి. వచ్చే వారం వచ్చి చూస్తాము, గది లేకుంటే మిషన్లు కుల్కచర్లకు పోతాయి, ఆ ఊరివాళ్లు ముందే అడిగి ఉన్నారు అని మహేశ్వరి దాపరికం లేకుండా చెప్పింది. కందికోతకు పోయి నడుము విరగ్గొట్టుకునే ఆడవాళ్లు నీడలో కూర్చుని సంపాదించుకునే దారి అదొక్కటే కనబడింది నిరోషాకు.

మర్నాడే గ్రామసభ. నిరోషా లేచి నిలబడింది. వాడ మొత్తం వెనక కూర్చుని ఉంది. ఆమె రాజేందర్ వైపు తిరిగి తడబడకుండా అడిగింది, "హాలు మాది. తాళం మా వాడల ఉండాలె సార్."

రాజేందర్ తొందరపడలేదు. చుట్టూ చూశాడు. ఆఫీసర్లున్నారు, ఊరున్నది. "సరే," అన్నాడు. "తాళం మీ వాడలనే ఉంటది. నాతోని ఏం పంచాయితి?"

వాడ చప్పట్లు కొట్టింది. ఇంత సులువుగా అవుతుందని ఎవరూ అనుకోలేదు. ఇన్నేళ్లు అడగకపోవడం తమదే తప్పేమో అని కూడా కొందరు అనుకున్నారు. నర్సప్ప ఆలోచన మాత్రం అప్పటికే వేరే చోట ఉంది. చెవి వస్తుంది సరే, వచ్చి ఎక్కడ ఉంటుంది? నిరోషా కొంగుకు ఉంటే ఆమె ఊరికి పోయిన నాడు హాలు మూతబడుతుంది. వాడ సంఘం పెద్ద జేబులో ఉంటే ఇంకో రాజేందర్ తయారవుతాడు. ఎవరి నడుముకూ, ఎవరి జేబుకూ చిక్కకుండా, ఎవరికి పని పడితే వారి చేతికి అందేటట్టు ఉండాలంటే వికారాబాద్‌లో చూసినటువంటిదే ఒకటి కావాలి. చేసి చూద్దామనుకున్నాడు.

చెక్క కోసం తాండూరు పోయాడు. పాత యార్డులో విరిగిన పెట్టెల కుప్ప ఎప్పుడూ ఉంటుంది. చలికాలంలో కూలీలు వాటినే మంటేసుకుంటారు. అక్కడ ఇంకా పనిచేస్తున్న శంకరప్ప అతనితో ఏళ్లపాటు ఒకే పెట్టెకు చెరోవైపు మేకులు కొట్టిన మనిషి, కర్ణాటక సరిహద్దు అవతలి వాడు. కుప్పలో చేతులు పెట్టి వెతుకుతున్న నర్సప్పను చూసి, "ఏనప్పా నర్సప్పా, పొయ్యిలకు కట్టెలు లెవ్వా?" అన్నాడు. తాళంచెవులు తగిలించడానికి చెక్క అంటే శంకరప్పకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంకా విచిత్రంగా చూశాడు. "చెవి దాచిపెట్టుకునేది గద. అందరికి చూపెట్టేదుంటే తాళమెందుకు?" అని అడిగాడు. నర్సప్ప అది తనకూ తెలియదనీ, తెలుసుకుందామనే చేస్తున్నాననీ చెప్పి, ముడులు లేని పట్టీ ఒకదాన్ని, పిడికెడు వంగిన మేకులను సంచిలో వేసుకుని రైలెక్కాడు.

పని ఇంటి ముందు అరుగు మీద పెట్టాడు. పట్టీ ఒక అంచున పగిలి ఉంది. పగులు మేరకు కోసి పారేశాడు. రందా పట్టించాడు. మట్టి రంగు పొర లేచిపోయి కింద నుంచి లేత పసుపు చెక్క బయటపడింది. దాని మీద ఎక్కడిదో ఓడ ముద్ర సగం మిగిలి ఉంది. దాన్ని తీసేద్దామా వద్దా అని కాసేపు ఆలోచించి ఉండనిచ్చాడు. ఉప్పు కాగితంతో అంచులు రుద్ది, ముళ్లు లేకుండా అరచేత్తో తడిమి చూశాడు. ఇక్కడిదాకా చేయి ఎరిగిన పనే. చిక్కు కొక్కేల దగ్గర వచ్చింది. దుకాణంలో కొనవచ్చు, కాని పెట్టె మేకులు ఉండగా కొనడం అతనికి నచ్చలేదు. మొదటి మేకును నిటారుగా కొట్టి ఇంటి చెవిని తగిలిస్తే జారి కింద పడింది. కొంచెం పైకి వంచి కొడితే చెక్క నిలువునా చీలబోయింది. ఇంత కాలం మూయడానికే మేకు కొట్టినవాడు. మేకు తల పూర్తిగా లోపలికి దిగిపోవాలన్నది అతని పనిసూత్రం. సగం దిగి, సగం బయట నిలిచి, ఒక వస్తువును మోయవలసిన మేకును అతను ఎన్నడూ కొట్టలేదు.

అందుకని ఒక మేకును పొయ్యిలో ఎర్రగా కాల్చి, దాంతో ముందు చెక్కకు బెజ్జాలు పెట్టాడు. తర్వాత ఒక్కో మేకు మొనను సుత్తితో తట్టి మొద్దుచేశాడు. మొన మొద్దుగా ఉంటే చెక్క చీలదని యార్డులో నేర్చిన సంగతి. తల ఉన్న వైపును పట్టకారుతో పట్టి, కొంకిలాగా పైకి వంచి, బెజ్జంలోకి సగం దాకా దించాడు. ఈసారి చెవి నిలిచింది. వేలితో ఊపాడు. ఊగింది కాని జారలేదు. మళ్లీ ఊపాడు.

అప్పటికి అరుగు చుట్టూ జనం చేరారు. ఎండు మిరపకాయలు కట్టడానికని ఒకరు, పాస్టరు గారి సంచికని ఒకరు, తువ్వాళ్లకని ఒకరు పందెం కాశారు. భాగమ్మ పొయ్యి దగ్గర నుంచే కేక వేసింది. "ఉన్న ఇంటికి ఒక్క చెవి. ఏడు కొక్కేలు పెట్టిండు. మిగిలినయ్యి ఊరోళ్ల చెవులు తెచ్చి తగిలిస్తడేమో." ఆ మాటతో దానికి పేరు పడిపోయింది: చెవుల చెక్క. పిల్లలు తమ చెవులు పట్టుకుని దాని ముందు నిలబడి, తగిలించమని నర్సప్పను ఆటపట్టించారు. గుమ్మం పక్కన, పొట్టివాళ్లకు కూడా చేయి అందే ఎత్తున, అతను దాన్ని గోడకు బిగించాడు. మొదటి కొక్కెం హాలుకని ఖాళీగా ఉంచాడు.

మర్నాడు పొద్దున తండ్రీ బిడ్డలు రాజేందర్ ఎరువుల దుకాణానికి పోయారు. దుకాణం ముందు కుర్చీలో అతను, చుట్టూ ఊరి నలుగురు. రాజేందర్ నర్సప్ప కంటే పదేళ్లకు పైగా చిన్నవాడు. అయినా ఏనాడూ "రా" అనకుండా పిలిచింది లేదు.

"ఏంర నర్సప్ప, పొద్దుపొద్దునే?"

చెవి కోసం వచ్చామని నర్సప్ప చెప్పాడు. రాజేందర్ ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టాడు.

"ఏం చెవి? నీ బిడ్డ ఏమడిగింది? తాళం వాడల ఉండాలె అన్నది. నేను సరే అన్న. పోయి చూసుకో, తాళం మీ వాడలనే ఉన్నది, హాలు తలుపుకే ఉన్నది. చెవి ఇస్తనని నేనెప్పుడన్న అన్ననా?"

కూర్చున్నవాళ్లలో ఒకడు నవ్వాడు. మిగిలినవాళ్లు ఆ నవ్వును అందుకున్నారు. తనే లేకుంటే ఈపాటికి ఆ హాలు కిటికీలు కూడా ఊడబీక్కుపోయేవాళ్లని, కాపాడినందుకు వంకలు పెట్టడమే తప్ప మెచ్చేవాళ్లు లేరని రాజేందర్ వాళ్లతో అన్నాడు. అతను అబద్ధమాడుతున్నట్టు లేదు. ఆ మాటను అతను నిజంగానే నమ్మినట్టున్నాడు.

తిరిగి వస్తుంటే నిరోషా ఏడవలేదు కాని అడుగు తప్పింది, రాయి తగిలి బొటనవేలు చిట్లింది. ఈ ప్రాంతంలో తాళం అంటే తలుపుకు పడేది, చెవి అంటే దాన్ని తెరిచేది. చదువుకున్నవాళ్లు చాబీ అన్నా, ముసలివాళ్లు చెవి అన్నా అది తాళం కాదని ఇక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు. కాని ఆమె పనిచేసిన దుకాణంలో కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లు తాళాలు ఇవ్వు అంటే చెవులు ఇవ్వమనే. అన్నేళ్లూ విన్న మాట అదను చూసి నాలుక మీదికి వచ్చింది.

"నేను పట్నం మాట మాట్లాడిన నాయినా. చెవి అనాల్సింది తాళం అన్న. నా నోటితోనే పోగొట్టిన."

"నువ్వొక్కదానివే అన్నవు," అన్నాడు నర్సప్ప. "ఇన్నోళ్లం మస్తు మందిమి. మేమంత ఏమనుకొని చప్పట్లు కొట్టినం? చెవి అనే గద. గాయనకు తప్ప అందరికి చెవి అనే ఇనబడ్డది."

ఊరంతా ఒక అర్థంలో విన్న మాటకు ఒక్క మనిషి ఇంకో అర్థం చెప్పాడు. చెల్లింది ఆ ఒక్కడిదే. ఆ మాటకు అర్థమేమిటో నిఘంటువు తేల్చలేదు, సభ తేల్చలేదు. చెవి ఎవరి దగ్గర ఉందో వాళ్లు తేల్చారు.

వాడలో రెండు రోజులు చెవుల చెక్క మీదే మాటలు నడిచాయి. ఇప్పుడు నవ్వులో వెనకటి సరదా లేదు. దాన్ని పీకి పొయ్యిలో పెట్టమని భాగమ్మ అన్నది. ఖాళీ కొక్కెం కనబడ్డప్పుడల్లా కడుపు మండుతోందన్నది. నిరోషా మహేశ్వరికి ఫోను చేసి నిజం చెప్పేద్దామని రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టేసింది. కొందరు మగవాళ్లు తాళం పగలగొడదామని లేచారు. నర్సప్ప వాళ్లను ఆపలేదు, వాళ్లతో కలవనూ లేదు. అతనికి కోపం కంటే ముందు వచ్చేది వింత. ఒక్క మాటను పట్టుకుని రాజేందర్ తప్పించుకున్న తీరు అతన్ని వదలలేదు. పెట్టె ఎక్కడ వదులుగా ఉందో వేలితో తట్టి చూసినట్టు ఆ మాటను తట్టి చూస్తూ పోయాడు. తాళం మీ వాడలనే ఉంటది. తాళం మీ వాడలనే.

మధ్యాహ్నం పోయి హాలు తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు మీది నుంచి ఇనుప గొళ్లెం పట్టీ వచ్చి, చౌకట్టుకు ఉన్న ఇనుప రింగులో కూర్చుంటుంది. రింగులో రాజేందర్ తాళం. నర్సప్ప దాన్ని పట్టుకుని పక్కకు జరిపాడు. రింగు పెద్దది, తాళం కమ్మీ సన్నది. పక్కన ఇంకా చోటుంది. అతను కాసేపు ఆ ఖాళీనే చూశాడు. మూసేది తన పని.

ఇంటికి వచ్చి నిరోషాను కూర్చోబెట్టి అడిగాడు. "తాళం పలగ్గొడితె మన మీద కేసు అయితది గద?"

"అయితది నాయినా."

"తాళం ఏస్తె?"

ఆమెకు వెంటనే అందలేదు. అందాక ఆమె చూపు మారింది. స్థలం వాడది, భవనం వాడది, తాళం వాడలో ఉంటుందని సభలో ఆఫీసర్ల ముందు ఒప్పుకున్నది రాజేందర్. వాడ తన తలుపుకు తను తాళం వేసుకుంటే అది ఏ నేరమో చెప్పగలిగినవాడు ఎవడూ లేడు. నర్సప్ప అప్పుడే ధారూర్ పోయి తాళం కొన్నాడు. చీకటి పడేదాకా ఆగలేదు. మాటు వేసి చేసే పని కాదది. అందరూ చేన్ల నుంచి తిరిగి వచ్చే వేళకు, వాడంతా చూస్తుండగా, రాజేందర్ తాళం పక్కనే రెండో తాళం వేసి నొక్కాడు. కొత్త చెవిని తెచ్చి చెవుల చెక్కకు, మొదటి కొక్కేనికి తగిలించాడు. ఎవరి కొంగుకూ కట్టలేదు. ఆ సాయంత్రం వాడలో చాలామంది ఏదో ఒక పని కల్పించుకుని వచ్చి, ఆ చెవి అక్కడే ఉందా అని చూసిపోయారు. ఒకరిద్దరు తీసి చేతిలో బరువు చూసి మళ్లీ తగిలించారు. ఎవరూ తీసుకుపోలేదు. శంకరప్ప అడిగినదానికి జవాబు నర్సప్పకు అప్పుడు కొంచెం కొంచెంగా తెలియసాగింది.

కంది ధర పెరిగిందని తాండూరు నుంచి కబురు రాగానే రాజేందర్ ట్రాక్టరు పంపాడు. ట్రాక్టరు హాలు ముందు ఆగింది, డ్రైవరు దిగాడు, రెండు తాళాలను చూసి ఫోను తీశాడు. ఆ చెవి ఎక్కడుందని అడిగితే నర్సప్ప ఇంటి గుమ్మం పక్కన ఉందని, ఎవరికి కావాలంటే వాళ్లు వచ్చి తీసుకోవచ్చని అక్కడున్న ఆడవాళ్లు చెప్పారు. డ్రైవరుకు ఎందుకో ధైర్యం చాలలేదు. కొంతసేపటికి రాజేందరే మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఓట్ల కాలంలో తప్ప నర్సప్ప ఇంటి సందులోకి అతను వచ్చింది లేదు. వాడంతా వాకిళ్లలో నిలబడింది.

"ఏంర నర్సప్ప, ఎవలనడిగి తాళమేసినవు?"

నర్సప్ప అరుగు మీద నుంచి లేచాడు. "తాళం మా వాడల ఉంటదని నువ్వే అంటివి గద పటేలా. గందుకే మా తాళం మేమేసుకున్నం. నీ తాళం ముట్టలే."

"మాటలు మస్తు నేర్చినవు. పోలీసోళ్లను పిలువాల్నా?"

జవాబు నిరోషా చెప్పింది. గొంతు పెంచలేదు. "పిలువుండ్రి సార్. వస్తె ముందు లోపలున్న కందులు ఎవరియని అడుగుతరు. సర్కారు హాలుల ఎన్నేండ్ల సంది ఉన్నయని అడుగుతరు. నేను గూడ గదే అడుగుత."

సందు చివర ట్రాక్టరు ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది. ధర ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు. రాజేందర్ చెవుల చెక్క వైపు చూశాడు. అదేమిటో అప్పటిదాకా అతనికి తెలియదు. తెలిశాక చూపు కాసేపు దాని మీదే ఉండిపోయింది. తర్వాత ఎప్పటి అలవాటుగా అరచేయి చాపాడు.

"ఇట్లియ్యి."

నర్సప్ప కదలలేదు. ఇంద్రమ్మ గాదె ముందు తన తల్లి ఎంతసేపు నిలబడేదో అతనికి తెలుసు. కాని ఆ మాట అనలేదు.

"తీస్కో పటేలా. చెయ్యి అందుతది. తీసుకునేతందుకే పెట్టినం. పనైనంక మల్ల ఈడ్నే తగిలియ్యి. నీది గూడ ఈడ్నే తగిలిస్తె ఇద్దరికి మంచిగుంటది. ఏ పొద్దు ఎవరికి పని పడ్డ తీసుకోవచ్చు."

అరుగెక్కితే గాని చెక్క అందదు. రాజేందర్ ఎక్కాడు. చూరు తలకు తగలకుండా వంగాడు. కొక్కెం వంపులో నుంచి చెవిని ఎట్లా తీయాలో తెలియక ముందు కిందికి లాగాడు, అది రాలేదు. పైకెత్తి తీయాలని వాకిట్లోని చిన్నపిల్ల ఒకతె చెప్పింది. తీశాడు. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రానికి బస్తాలన్నీ పోయాయి. కొత్త తాళంచెవిని డ్రైవరు తెచ్చి కొక్కేనికి తగిలించాడు. రాజేందర్ తన చెవిని తగిలించలేదు. తన తాళాన్నే ఊడదీసుకుని, దానితో పాటు చెవినీ జేబులో వేసుకుపోయాడు. తను కాపాడుతూ వచ్చిన హాలును తనే ఇచ్చేశానని దుకాణం దగ్గర చెప్పుకున్నాడట. చెప్పుకోనిమ్మన్నాడు నర్సప్ప.

ఆడవాళ్లు హాలులోకి పోయారు. కంది పొట్టు, పురుగు పట్టిన గింజలు, ఎలుకలు కొరికిన గోనెలు. ఊడ్చి కడిగాక బస్తాల వెనక ఇన్నేళ్లు మరుగుపడిన పడమటి గోడ బయటపడింది. అందులో ఒక కిటికీ ఉంది. అది చేన్ల వైపు ఉండడంతో నర్సప్ప ఎన్నడూ గమనించలేదు. ఏళ్ల తరబడి తాండూరులో ఉండి, తన వాడలోని హాలును లోపలి నుంచి అతను చూడడం అదే మొదలు. గడియ తుప్పుపట్టి కదలకపోతే నూనె పోసి, సుత్తితో మెల్లగా తట్టి తెరిచాడు. కంది కోసిన చేన్లు, వాటి మీదుగా ఎండ, ఎండతో పాటు గాలి లోపలికి వచ్చాయి.

మహేశ్వరి వచ్చి చూసి, నేల మీద సుద్దముక్కతో మిషన్లకు గళ్లు గీసి, సరేనని చెప్పి పోయింది. ఆమె బండి మలుపు తిరగకముందే పోట్లాట మొదలైంది. కిటికీ పక్క గడి ఒక్కటే, అది కావాలన్నవాళ్లు వాడలో సగం మంది. వెలుతురు చాలని కళ్లు ఎవరివి, ముందు పేరు ఇచ్చింది ఎవరు అని నిరోషాను నిలదీస్తుంటే, ఆ గలాటాలో భాగమ్మ పోయి కిటికీ పక్క గడిలో నేల మీద చతికిలబడింది. సూదిలో దారం ఎక్కించడం కూడా ఆమెకు చేతకాదని అందరికీ తెలుసు.

"కుట్టుడు నేర్చుకుంటవా ఏంది?" అని నర్సప్ప అడిగాడు.

"ముందు కూసోనియ్యి," అన్నది భాగమ్మ కిటికీలోంచి చూస్తూ. "నేర్చుకునేది ఎనక చూస్త."